ఆగిపోయిన చోటే అసలు సుడోకు

సుడోకు ఆడేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. పేపరు నాలుగు మడతలు పెట్టి, పెన్ను తీసి, మొదటి పది నిమిషాలు చకచకా నింపేస్తాం. ఈ బాక్సులో 5 లేదు, పై రెండు వరుసల్లోనూ 5 ఉంది, కాబట్టి ఇక్కడే రావాలి. ఇలా ఓ ఇరవై గళ్ళు పడతాయి. ఆ తర్వాత బండి కదలదు. ఎటు చూసినా ఏ అంకెకైనా రెండేసి, మూడేసి చోట్లు కనిపిస్తుంటాయి. కళ్ళు తిరిగి తిరిగి అవే గళ్ళ మీదికి వస్తుంటాయి. అక్కడ సగంమంది పేపరు అవతల పడేస్తారు. మిగతావాళ్ళు 'ఇక్కడ 3 అనుకుందాం' అని రాసేసి ముందుకు పోతారు. మరో పావుగంటకి అట్టడుగు వరుసలో రెండు 8లు ప్రత్యక్షమవుతాయి. ఎక్కడ దారి తప్పామో తెలీదు, చెరపడానికి రాసింది పెన్నుతో. ఇంకేముంది, కాఫీ కప్పు పెట్టుకోవడానికి తప్ప ఆ పేపరు ఇక పనికిరాదు.

నన్నడిగితే సుడోకు మొదలయ్యేది అక్కడే అంటాను. అంతవరకూ చేసింది వెతుకులాట. దానికి కళ్ళజోడు సరిగ్గా ఉంటే చాలు. బండి ఆగిపోయాక అడగాల్సిన ప్రశ్న మారుతుంది. ఈ గడిలో ఏ అంకె వస్తుందని అప్పటిదాకా అడిగాం. ఇక మీదట ఏ అంకె రాదో అడగాలి. కష్టమైన సుడోకు కోసం లోకంలో ఎన్ని పద్ధతులున్నా, వాటికి ఎన్ని వింత పేర్లున్నా, అన్నీ చేసే పని ఇదొక్కటే. ఏదో ఒక గడిలోంచి ఏదో ఒక అంకెని కారణంతో సహా కొట్టేస్తాయి. అలా కొట్టేస్తూ పోతే చివరికి ఒక గడిలో ఒకే అంకె మిగులుతుంది.

అందుకే పెన్సిలూ రబ్బరూ కావాలి. ఖాళీగా ఉన్న ప్రతి గడిలోనూ, అక్కడికి రావడానికి వీలున్న అంకెలన్నీ చిన్నగా మూలల్లో రాసుకోవాలి. ఆడేవాళ్ళు వీటిని క్యాండిడేట్లు అంటారు. ఇది రాయడం విసుగే, కాదనను. ఈ చాకిరీ చేయలేక కష్టమైన పజిళ్ళు మానేసినవాళ్ళు నాకు తెలుసు. పెన్నుతోనే సుడోకు పూర్తిచేస్తానని గొప్పలు పోయేవాళ్ళూ తెలుసు. వాళ్ళు చేసేది సోమవారం వచ్చే తేలికైన పజిల్.

అన్నిటికంటే తేలికైన ఉదాహరణతో మొదలుపెడదాం. ఒక వరుసలో రెండు గళ్ళున్నాయి. రెండింటిలోనూ 2, 9 తప్ప మరో అంకెకి వీల్లేదు. ఏది 2, ఏది 9 అన్నది మనకి తెలీదు. తెలియనక్కర్లేదు కూడా. ఆర్టీసీ బస్సు ప్లాట్‌ఫాం మీదికి రాగానే ఇద్దరు స్నేహితులు కిటికీలోంచి రెండు కర్చీఫులు వేసి సీట్లు ఆపుకున్నారనుకోండి. కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారన్నది వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు. మూడోవాడికి మాత్రం ఆ రెండు సీట్లూ లేనట్టే. అలాగే ఆ వరుసలో మిగతా గళ్ళలో ఎక్కడ 2 ఉన్నా, ఎక్కడ 9 ఉన్నా నిస్సంకోచంగా కొట్టేయొచ్చు. దీన్ని నేకెడ్ పెయిర్ అంటారు. నా ఉద్దేశంలో సుడోకులో అతి పెద్ద మలుపు ఇదే. సగం తెలిసిన సమాచారంతో పూర్తి నిర్ణయం తీసుకోవచ్చని ఇక్కడ మొదటిసారి అర్థమవుతుంది.

ఆ ఊహనే కాస్త సాగదీస్తే ఎక్స్-వింగ్ వస్తుంది. ఇది దగ్గరగా చూడదగ్గది. రెండో అడ్డు వరుసలో 7 రావడానికి రెండే చోట్లున్నాయి: మూడో నిలువు వరుసలో ఒకటి, ఎనిమిదో నిలువు వరుసలో ఒకటి. కిందికి ఆరో అడ్డు వరుసకి వస్తే అక్కడా 7కి రెండే చోట్లు, అవీ సరిగ్గా మూడో, ఎనిమిదో నిలువు వరుసల్లోనే. ఇప్పుడు ఆలోచించండి. రెండో వరుసలో 7 ఎడమ పక్కన పడితే, ఆరో వరుసలో కుడి పక్కన పడాలి. రెండో వరుసలో కుడి అయితే ఆరో వరుసలో ఎడమ. ఈ రెండే మార్గాలు. ఏ మార్గంలో వెళ్ళినా మూడో నిలువు వరుసకి దక్కాల్సిన 7, ఎనిమిదో నిలువు వరుసకి దక్కాల్సిన 7 ఈ నాలుగు గళ్ళలోనే ఖర్చయిపోతాయి. కాబట్టి ఆ రెండు నిలువు వరుసల్లో మిగతా గళ్ళన్నిటిలోనూ 7ని కొట్టేయాలి. నాలుగు గళ్ళనీ మూల నుంచి మూలకి కలిపితే ఇంగ్లిషు ఎక్స్ అక్షరం వస్తుంది, పేరు అలా వచ్చింది.

ఒక్క గడి కూడా నిండలేదు. అయినా పజిల్ కదిలింది. అలా కొట్టేసిన 7ల్లో ఒకటి, ఎక్కడో ఒక గడిలో ఒంటరి 4ని మిగులుస్తుంది. అక్కడినుంచి మళ్ళీ చకచకా.

ఇదే పని మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలతో చేస్తే స్వోర్డ్‌ఫిష్, నాలుగేసి వరుసలతో చేస్తే జెల్లీఫిష్. ఈ చేపల పేర్లకి బెదరనక్కర్లేదు, లెక్క అదే. స్వోర్డ్‌ఫిష్ వెతకడం మాత్రం కంటికి శ్రమ. జెల్లీఫిష్ కోసమైతే నేను పనిగట్టుకుని చూడను, దొరికితే సంతోషం.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది వై-వింగ్. మూడే మూడు గళ్ళు, ఒక్కో గడిలో రెండే క్యాండిడేట్లు. నాలుగో అడ్డు వరుస, నాలుగో నిలువు వరుస కలిసే గడిలో 2, 5 ఉన్నాయనుకోండి, దీన్ని మధ్య గడి అందాం. అదే అడ్డు వరుసలో చివరి గడిలో 2, 8. అదే నిలువు వరుసలో కిందికి, ఎనిమిదో అడ్డు వరుస గడిలో 5, 8. మధ్య గడి 2 అయితే అడ్డు వరుస చివరి గడి 8 అవుతుంది. మధ్య గడి 5 అయితే కింది గడి 8 అవుతుంది. మధ్యలో ఏదైనా కానివ్వండి, రెక్కల్లాంటి ఈ రెండు గళ్ళలో ఒకటి 8 కాక తప్పదు. కాబట్టి ఆ రెండింటితోనూ వరుస కలిసే గడిలో, అంటే ఎనిమిదో అడ్డు వరుస చివరి గడిలో, 8 ఉండే ప్రశ్నే లేదు. ఆ గడికీ మధ్య గడికీ నేరుగా ఏ చుట్టరికమూ లేదు. వరుస కలవదు, బాక్సు కలవదు. అయినా అక్కడి మాట ఇక్కడ చెల్లుతుంది. ఇది కాగితం మీద మొదటిసారి కనిపించినప్పుడు కలిగే ఆనందం వేరు.

వీటిని వెతకడానికి నా పద్ధతి చెబుతాను, శాస్త్రమని అనుకోకండి. వై-వింగ్ కోసం రెండే క్యాండిడేట్లున్న గళ్ళని మాత్రం చూస్తాను, మిగతావి లేనట్టే. ఎక్స్-వింగ్ కోసం ఒక్కో అంకెనీ విడిగా తీసుకుంటాను. అప్పటికే ఏడెనిమిది చోట్ల పడిపోయిన అంకెతో ఏమీ తేలదు; ఒక్కచోటే పడ్డ అంకె ఊరంతా పరుచుకుని ఉంటుంది. నాలుగైదు చోట్ల కుదురుకున్న అంకెలతోనే పని జరుగుతుంది.

పజిల్‌లో ఇచ్చిన అంకెలు తక్కువైతే కష్టం ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇచ్చి తీరాలని, 16తో కుదరదని ఐర్లండులో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కి చెందిన గ్యారీ మెక్‌గైర్ బృందం 2012 జనవరిలో తేల్చింది. తిప్పడం ద్వారానో, వరుసలూ అంకెలూ మార్చుకోవడం ద్వారానో ఒకదాన్నుంచి మరొకటి వచ్చేవాటిని పక్కన పెట్టినా, నిండిన సుడోకులు 547 కోట్ల 27 లక్షల 30 వేల 538 ఉన్నాయి. ఒక్కోదానిలో 16 అంకెల పజిల్ దాగి ఉందేమోనని కంప్యూటర్లతో జల్లెడ పట్టారు. దానికి దాదాపు 70 లక్షల కోర్-గంటలు, అంటే ఒక్కటే ప్రాసెసర్ కోర్ అయితే అన్ని గంటలు, పట్టింది. ఒక్కటీ దొరకలేదు. ఇక 17 అంకెల పజిళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి, వాటిలో చాలావాటిని ఎక్స్-వింగ్ మాటే ఎత్తకుండా పూర్తిచేయొచ్చు. మరోపక్క, ఫిన్లండ్ గణితవేత్త ఆర్టో ఇంకాలా తయారుచేసిన పజిల్‌ని 2012లో పత్రికలు ప్రపంచంలోకెల్లా కఠినమైన సుడోకు అని రాశాయి. అందులో ఇచ్చినవి 21. ఎన్ని అంకెలు ఇచ్చారన్నదాన్ని బట్టి కష్టం తేలదు. వాటి మధ్య దారి ఎంత ఇరుకుగా ఉందన్నదే చూడాలి.

మా వీధిలో ఒక లెక్కల మాస్టారున్నారు, రిటైరై చాలాకాలమైంది. సుడోకులో మా ఇద్దరికీ పడని విషయం ఒకటుంది. యునీక్ రెక్టాంగిల్ అని ఒక పద్ధతి ఉంది. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు, రెండు బాక్సులు. వాటి కూడలిలో నాలుగు గళ్ళు. మూడింటిలో 3, 6 మాత్రమే ఉన్నాయి. నాలుగోదానిలో 3, 6, 9. ఆ 9 లేకపోతే నాలుగు గళ్ళలోనూ 3, 6 అటూ ఇటూ మార్చి రాసుకోవచ్చు, ఎలా రాసినా సరిపోతుంది. అంటే పజిల్‌కి రెండు జవాబులొస్తాయి. సరైన సుడోకుకి జవాబు ఒక్కటే ఉంటుంది కాబట్టి నాలుగో గడిలో 9 వేసేయొచ్చు.

ఇది చూపిస్తే మాస్టారు ఒప్పుకోరు.

"ఒకటే జవాబుందని నువ్వు తేల్చి చూపించాలమ్మా. ఉందని ముందే నమ్మేసి, ఆ నమ్మకంతో జవాబు రాబడితే అదెక్కడి లెక్క?" అంటారు.

"పేపరువాళ్ళు మాటిచ్చారు కదా మాస్టారూ. అడ్డంగా తొమ్మిది అంకెలుండాలన్నది ఎలాంటి నియమమో, జవాబు ఒక్కటే అన్నదీ అలాంటి నియమమే."

"మరి అచ్చులో ఒక అంకె జారిపోతే? నేనైతే రెండు జవాబులొస్తున్నాయని పట్టుకుంటాను. నువ్వు హాయిగా 9 వేసుకుని, పూర్తయిందనుకుంటావు."

అచ్చు సంగతి ఆయన చెప్పింది నిజమే. అయినా నేను వాడతాను. పజిల్ కట్టినవాడి మాట కూడా ఇచ్చిన అంకెల్లాంటిదే అన్నది నా పక్షం. ప్రపంచంలో సుడోకు ఆడేవాళ్ళు కూడా ఇలాగే రెండు జట్లుగా ఉన్నారు, ఇప్పట్లో ఒక్కటయ్యే సూచనలు లేవు.

అంతకంటే పెద్ద తగువు ఊహ గురించి. ఎటూ తోచనప్పుడు 'ఇది 3 అనుకుందాం' అనడం తప్పా? కంప్యూటర్లు చేసేది సరిగ్గా అదే. ఒక అంకె వేస్తాయి, గోడ తగిలితే వెనక్కొచ్చి ఇంకోటి వేస్తాయి. కనురెప్ప పడేలోపు ఎంత కష్టమైన పజిలైనా పూర్తవుతుంది. వాటికి ఎక్స్-వింగ్ తెలియనక్కర్లేదు. ప్రపంచ పోటీల్లో కూర్చునేవాళ్ళు కూడా అవసరమైతే ఊహిస్తారు; ఎదురుగా గడియారం ఉంది, తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆ పోటీలు 2006లో ఇటలీలోని లూకాలో మొదలయ్యాయి. మన దేశంలో 2008లో గోవాలో, 2017లో బెంగళూరులో జరిగాయి. కానీ మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంట్లో కూర్చుని చేసుకునేదానికి గడియారంతో ఏం పని?

మరి గొలుసు పద్ధతి సంగతేమిటి, అదీ ఊహే కదా అని అడుగుతారు తెలిసినవాళ్ళు. న్యాయమైన ప్రశ్నే. ఒక గడిలో 1, 4. దానికి వరుస కలిసే గడిలో 4, 6. దానికి కలిసే ఇంకోదాంట్లో 6, 9. దానికి కలిసే నాలుగోదాంట్లో 9, 1. మొదటి గడి 1 కాలేదనుకోండి, 4 అవుతుంది. రెండోది 6, మూడోది 9, నాలుగోది 1. కాబట్టి మొదటిదో చివరిదో, ఏదో ఒకటి 1 కావాల్సిందే. ఆ రెండింటితోనూ వరుసో బాక్సో కలిసే ఏ గడిలోనైనా 1ని కొట్టేయొచ్చు. ఇందులోనూ 'అనుకోండి' ఉంది కదా అంటారు మాస్టారు. ఉంది. అయితే మొదటి గడి 1 అయినా, 4 అయినా ఈ తీర్పు మారదు. అదృష్టం మీద ఏదీ ఆధారపడలేదు. కాగితం మీద ఒక్క అంకె వేయకుండా, పక్కనున్న మనిషికి వేలు పెట్టి చూపించి ఒప్పించగలను. నా వరకు గీత అక్కడే: నోటితో చెప్పి ఒప్పించగలిగితే తర్కం, రాసి చూస్తే గానీ తేలకపోతే ఊహ. గొలుసు పదిహేను గళ్ళకి సాగితే ఈ గీత చెరిగిపోతుందని తెలుసు. అందుకే ఇంకాలా పజిల్‌లాంటివాటి మీద నాకు గౌరవమే తప్ప ప్రేమ లేదు. అవి యంత్రాలకి పరీక్షలు. మనిషి తలలో పట్టని గొలుసులు అడుగుతాయి.

మనుషుల కోసం మనుషులు కట్టిన పజిళ్ళు వేరేగా ఉంటాయి. ఆ తేడా తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. సుడోకు పుట్టింది జపాన్‌లో కాదన్నది ఇప్పుడు చాలామందికి తెలుసు. అమెరికాలోని ఇండియానాలో హోవర్డ్ గార్న్స్ అనే రిటైరైన ఆర్కిటెక్టు దీన్ని తయారుచేస్తే, డెల్ పత్రిక 1979లో నంబర్ ప్లేస్ అన్న పేరుతో, ఆయన పేరు వేయకుండా అచ్చేసింది. ఇది ప్రపంచాన్ని చుట్టేయడం చూడకుండానే 1989లో ఆయన కన్నుమూశారు. 1984లో జపాన్‌లో మాకి కాజీ నడిపిన నికోలి సంస్థ దీన్ని తీసుకుని పేరు మార్చి, చేత్తో కట్టడం మొదలుపెట్టింది. ఇచ్చిన అంకెల చోట్లు, పజిల్‌ని తలకిందులుగా తిప్పినా అదే అమరికలో కనిపించేలా సౌష్ఠవంగా ఉండాలని నియమం పెట్టుకుంది. హాంకాంగ్‌లో జడ్జీగా పనిచేసి రిటైరైన న్యూజిలాండ్‌వాసి వేన్ గౌల్డ్, 1997లో టోక్యోలో ఒక పుస్తకాల షాపులో వీటిని చూశారు. ఏళ్ళ తరబడి కూర్చుని, పజిళ్ళు తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసి, లండన్‌లోని ద టైమ్స్ పత్రికని ఒప్పించారు. 2004 నవంబరు 12న అక్కడ మొదటిది వచ్చింది. ఆ తర్వాత చాలా పేపర్లలో యంత్రం కట్టినవే. చేత్తో కట్టిన పజిల్‌లో కట్టినవాడు మీకోసం ఒక మలుపు దాచి ఉంచుతాడు. అది దొరికాక మిగతా అంతా విడివడుతుంది. యంత్రం కట్టినదాంట్లోనూ మలుపులుంటాయి, కాకపోతే వాటిని ఎవరూ దాచలేదు.

చేత్తో కట్టేవాళ్ళ నుంచి ఈమధ్య వచ్చిన గొప్ప కానుక ఒకటుంది. ఫిస్టోమెఫెల్ అన్న మారుపేరుతో పజిళ్ళు కట్టే ఒక జర్మన్ దీన్ని కనిపెట్టారు. క్రాకింగ్ ది క్రిప్టిక్ అనే యూట్యూబ్ చానెల్‌లో సైమన్ ఆంథొనీ, మార్క్ గుడ్‌లిఫ్ దీన్ని లోకానికి పరిచయం చేశారు. నిండిన సుడోకు ఏదైనా తీసుకోండి. నాలుగు మూలల్లో రెండు బై రెండు గళ్ళు, మొత్తం 16. నడిమి బాక్సు చుట్టూ దాన్ని ఆనుకుని ఒక ఉంగరం గీయండి, అదీ 16 గళ్ళే. మూలల్లో ఉన్న అంకెలు, ఉంగరంలో ఉన్న అంకెలు అచ్చంగా ఒకటే. మూలల్లో మూడు 4లుంటే ఉంగరంలోనూ మూడే.

కారణం ఇంకా బాగుంటుంది. మూడో, ఏడో అడ్డు వరుసలు, నడిమి ఎడమ బాక్సు, నడిమి కుడి బాక్సు: ఈ నాలుగింటికీ ఒక రంగు వేయండి. ఇందులో ప్రతి అంకె సరిగ్గా నాలుగుసార్లుంటుంది. మొదటి రెండు, చివరి రెండు నిలువు వరుసలకి ఇంకో రంగు వేయండి. అందులోనూ ప్రతి అంకె నాలుగుసార్లే. రెండు రంగులూ పడ్డ గళ్ళని రెండు లెక్కల్లోంచీ తీసేయండి. మొదటి రంగులో ఉంగరం మిగులుతుంది, రెండో రంగులో నాలుగు మూలలు మిగులుతాయి. రెండు వైపులా సమానమైనవాటిలోంచి ఒకే గళ్ళని తీశాం కాబట్టి మిగిలినవీ సమానమే. ఐదో క్లాసు పిల్లకి చెప్పినా అర్థమవుతుంది. అయినా ప్రపంచమంతా ఏళ్ళ తరబడి రోజూ ఈ గళ్ళు నింపుతూ దీన్ని చూడలేదు. మాస్టారికి ఇది చూపించిన రోజున ఆయన నాలుగైదు పాత పేపర్లు తీయించి, జవాబుల మీద వేలు పెట్టి లెక్కబెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా టీ తెమ్మన్నారు. మీరూ ఇవాళ్టి పేపర్లో జవాబు తీసి చూసుకోండి.

చివరగా పత్రికలవాళ్ళకి ఒక విన్నపం. ఆదివారం కష్టమైన సుడోకు వేస్తున్నారు, సంతోషం. దాన్ని అగ్గిపెట్టంత వేస్తే క్యాండిడేట్లు ఎక్కడ రాసుకోవాలి? కాస్త పెద్దగా వేయండి. జవాబు ఇచ్చేటప్పుడు ఊరికే 81 అంకెలు అచ్చేయకుండా, కింద ఒక్క లైను కలపండి: 'రెండో, ఆరో వరుసల్లో 7కి ఎక్స్-వింగ్ ఉంది, అక్కడ తిరుగుతుంది' అని. ఎక్కడ ఆగిపోయామో తెలిసినవాళ్ళకి ఆ లైను 81 అంకెలకంటే విలువైంది. జాగా లేదంటారని తెలుసు. రాశిఫలాల్లో ఒక్క లైను తగ్గించండి, సరిపోతుంది.